వడగాడ్పులు - ప్రభుత్వ ధర్మము

ఉగాది పచ్చడి రుచి నాలుకపై ఆరకముందే ఎండలు ముదురుచున్నవి. ఈ సంవత్సరమునకు మేఘాధిపతి యెవ్వరో, వాన యెన్ని కుంచములో పంచాంగ శ్రవణమున విని వచ్చిన ప్రజలకు ఇప్పుడు ప్రతిదినము మరియొక పంచాంగము వినవచ్చుచున్నది. అది వాతావరణ శాఖవారిది. రానున్న నాలుగైదు దినములలో ఏ జిల్లాలో ఎండ హెచ్చునో, ఏ జిల్లాలో సాయంకాలమునకు ఉరుములు మెరుపులతో జల్లులు పడునో, ఎచ్చట వడగాడ్పులు వీచునో వారు రంగుల గుర్తులతో ప్రకటించుచున్నారు. ఆకుపచ్చ గుర్తు కనుపించిన భయము లేదు. పసుపు కనుపించిన కనిపెట్టి యుండవలయును. నారింజ కనుపించిన సిద్ధపడవలయును. ఎరుపు కనుపించిన వెంటనే పనికి పూనుకొనవలయును. మంచిదే. కాని సిద్ధపడవలసినవారెవరు? పనికి పూనుకొనవలసినవారెవరు? ఈ ప్రశ్నకు ఉభయ రాష్ట్రముల ప్రభుత్వములనుండియు ఇంతవరకు సూటియైన సమాధానము రాలేదని మా యభిప్రాయము.

మేఘాధిపతి మాట తప్పినచో అడుగువారు లేరు. శాఖవారి మాట, మొదటి రెండు మూడు దినముల విషయమున, చాలవరకు నిజమగుచున్నది. రెంటికిని ఇంత భేదమున్నను మన యధికారులు రెంటిని ఒక్కతీరుననే వినుచున్నారు. విని, తాంబూలము పుచ్చుకొని, ఇంటికి పోవుచున్నారు.

చైత్ర వైశాఖముల వాతావరణమును ఒక్కమాటలో చెప్పుట సాధ్యము కాదు. విదర్భ మొదలుకొని తెలంగాణము, రాయలసీమల మీదుగ దక్షిణమునకు సాగు ద్రోణి యొకటి ఈ దినములలో తరచుగ నేర్పడుచుండును. దానికి ఒకవైపున లోపలి భూములనుండి వచ్చు పొడిగాలి. మరియొకవైపున బంగాళాఖాతమునుండి వచ్చు తడిగాలి. రెండును కలసినచోట మధ్యాహ్నపు వేడికి మేఘములు నిటారుగ లేచి, ప్రొద్దుగూకువేళకు ఈదురుగాలి, పిడుగులు, ఒక్కొక్కచో వడగండ్లు కురియును. ఉదయము నుదుటి చెమట తుడుచుకొనుచు కళ్లమున మిరపకాయలు ఆరబోసిన రైతే సాయంకాలమునకు ఆ కాయలను వాననీటినుండి ఎత్తుకొనవలసి వచ్చును. 2023 మార్చి మూడవ వారమున తెలంగాణమున కురిసిన వడగండ్లు మొక్కజొన్నను, మామిడిని, మిరపను నేలపాలు చేసినవి. ఎకరమునకు పదివేల రూపాయల చొప్పున సాయము చేసెదమని నాటి ప్రభుత్వమువారు ప్రకటింపవలసి వచ్చినది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశమున పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు సంస్థవారు లెక్కించిరి. కావున గోదావరి మండలములలో దాళ్వా కోతకు సిద్ధమైన రైతులు, నూజివీటి ప్రాంతపు మామిడితోటలవారు ఆకాశమును చూచుకొన్నట్లే ఈ ప్రకటనలను గూడ చూచుకొనుట మంచిది. కోసిన పనలను చేనిపై విడిచి నిద్రపోరాదనియు, ఉరిమినపుడు చెట్టుక్రింద చేరరాదనియు ఎరుగనివారు లేరు గనుక దానిని విస్తరింపము.

మేము ముఖ్యముగ చెప్పదలచినది వానను గూర్చి కాదు, ఎండను గూర్చి. జల్లు పడినచోట రెండుదినములు చల్లబడును. పడనిచోట ఎండ దినమున కొక డిగ్రీ చొప్పున పైకెక్కును. వడగాడ్పు అనగా నేమో శాఖవారు కొలతలు నిర్ణయించి యున్నారు. మైదానమున గరిష్ఠోష్ణము 40 డిగ్రీలకు తగ్గక, ఆ దినమునకు సాధారణమైన దానికంటె 4.5 డిగ్రీలు హెచ్చినచో వడగాడ్పు, 6.4 డిగ్రీలను మించి హెచ్చినచో తీవ్రమైన వడగాడ్పు. సాధారణముతో నిమిత్తము లేకుండ 45 డిగ్రీలను తాకినను వడగాడ్పే, 47 తాకిన తీవ్రమే. సముద్రతీరమున మాత్రము, హెచ్చు 4.5 డిగ్రీలున్నయెడల, 37 డిగ్రీలే చాలును. తీరమునకు ఈ తగ్గింపు ఏల? చెమట ఆరుటచేతనే మన దేహము చల్లబడుచున్నది. గాలినిండ తడి యున్నపుడు చెమట కారునే గాని ఆరదు. అందుచేత రామగుండమున 42 డిగ్రీలకు ఓర్చినవాడు మచిలీపట్టణమున 38 డిగ్రీలకే సొమ్మసిల్లవచ్చును.

తీరవాసులకు సముద్రపుగాలియే రక్ష. పడమటినుండి పొడిగాలి బలముగ వీచి ఆ రక్షను ఒడ్డుననే నిలిపివేసిన దినమున రెంటచింతలకును బందరుకును భేదము తగ్గిపోవును. బంగాళాఖాతమున పుట్టిన తుపాను మనవైపు రాక ఉత్తరమునకు మరలిపోయినపుడు గండము గడచినదని ఊపిరి పీల్చుకొనుట మనకు వాడుక. కాని అది పోవుచు పోవుచు గాలిలోని తడిని తనవైపునకు లాగుకొని, లోపలి భూముల వేడిగాలిని తీరముమీదికి రప్పించుట కలదు. తుపాను తప్పిన యానందమున దానివెంట వచ్చు ఎండను మరచుట పొరపాటు.

ఇంకొక మాట. శాఖవారి ఉష్ణమాపకము తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి యాడునట్లు, నీడలో నుంచబడును. శాస్త్రమునకు అదియే సరియైన పద్ధతి. కాని రహదారిపై తారు పోయు కూలి నీడలో నుండడు. ఇటుకల బట్టీలో పని చేయుటకు ఒడిశానుండి బిడ్డలతో వచ్చిన తల్లి నీడలో నుండదు. గుంటూరు, ఖమ్మము మండలముల మిరపచేలలో వంగి కాయ కోయు ఆడువారికి తలపై గుడ్డయే నీడ. మనము పత్రికలో 42 అని చదువునపుడు అది పెట్టెలోని లెక్క యనియు, వారి వీపుమీది లెక్క వేరనియు జ్ఞాపకముంచుకొనవలయును.

వేసవి యిదివరకటి వేసవియు కాదు. 1901 మొదలు లెక్కలు కట్టుచున్న శాఖవారు, దేశముమొత్తమున పగటి యెండ సగటు చూడగా, 2022 మార్చి అంతవరకటి మార్చిమాసము లన్నిటిలో అధికమైనదని చెప్పిరి. 2024వ సంవత్సరము తమ లెక్కలలో అన్నిటికంటె వేడియైనదనియు చెప్పిరి. రోహిణికార్తెలో రోళ్లు పగులునని పెద్దలనిరి. రేవతి, అశ్వని కార్తెలలోనే రోళ్లు కాలుచున్న కాలము మనకు వచ్చినది. ముందుగ వచ్చు ఎండయందు ఒక ప్రత్యేకమైన అపాయము కలదు. మేనెల ఎండకు దేహము కొంత అలవాటుపడి యుండును. అలవాటుపడకమునుపు తగిలిన ఎండ, డిగ్రీలలో తక్కువయైనను, దెబ్బలో తక్కువ కాదు.

ఇవి శాస్త్రపు మాటలు. ఇక మనుష్యుల మాట. 2003 వేసవిలో నాటి ఉమ్మడి రాష్ట్రమున వడదెబ్బకు వేయిమందికి పైగ మరణించిరి. 2015 మేనెలలో దేశమున రెండువేలకు పైగ మరణింపగా, అందు అధికభాగము ఆంధ్ర తెలంగాణములవారే. ఆ మరణములు భూకంపమువలె ఒక్కక్షణమున జరుగలేదు. దినదినము పత్రికలలో సంఖ్య పెరుగుచుండెను; చదువుచున్న ప్రతివారికిని మరునాటి సంఖ్య ఇంతకంటె హెచ్చునని తెలిసియే యుండెను. మరణించినవారు వ్యవసాయకూలీలు, కట్టడపు పనివారు, వృద్ధులు, నిలువనీడ లేనివారు. గుండె ఆగినదనియో, జ్వరమనియో వ్రాయబడి ఈ లెక్కలో చేరకపోయినవా రెందరో ఆ గ్రామములవారికే యెరుక.

ఈ శాఖ పుట్టుక ఎట్టిదో కొంచెము తలచుకొనుట అసందర్భము కాదు. 1864 అక్టోబరున కలకత్తాను, నవంబరు 1న మన మచిలీపట్టణమును తుపానులు ముంచెత్తినవి. బందరున ముప్పదివేలమంది నశించిరందురు. 1866లోను 1871లోను వానలు తప్పి కరవులు వచ్చినవి. ఆ పిదప 1875లో ఆంగ్లప్రభుత్వమువారు ఈ శాఖను స్థాపించిరి. రేవులలోని ఓడలకును, భూమిశిస్తుకును దానివలన మేలు కలుగునని వారికి తెలియకపోలేదు. శాఖ పుట్టిన మరుసటి యేడే ధాత కరువు ప్రారంభమైనది. ప్రజలు ఆకటికి మాడుచుండగా ధాన్యము రేవులనుండి ఎగుమతి యగుచునే యుండెను. తెలియకపోవుటచేత నట్లు జరిగినదా? కాదు. తెలిసియు తమ ధర్మము కాదనుకొనుటచేత జరిగినది. పరప్రభుత్వమును మన పెద్దలు నిందించినది ఇందుకే. తెలిసినదానికి తగిన పని చేయని ప్రభుత్వమును, అది మనదే యైనంతమాత్రమున, క్షమింపవలయునా?

మనకు చేతకాదని యనుటకు వీలులేదు. తుపానుల విషయమున మనము చేసి చూపితిమి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు పదివేలమంది పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునే పెకలించినంత పని చేసినది. అయినను ఆంధ్రదేశమున మరణములు వందకు లోపే. ఈ భేదము ఎట్లు వచ్చినది? శాఖవారి విద్య పెరిగినమాట నిజము. కాని విద్యతోనే ప్రాణములు నిలువలేదు. సూచన వెలువడినంతనే ఎవరేమి చేయవలయునో నిర్ణయింపబడినది. కలెక్టరు లేచును, తహసీలుదారు గ్రామమునకు పోవును, పడవలు ఒడ్డుకు రప్పింపబడును, జనులు పాఠశాలలకు చేర్పబడుదురు, అచ్చట వంట వండబడును. సముద్రమునకు పోవద్దని బెస్తవానికి హితవు చెప్పి ఊరకుండరు, పోకుండ చూతురు. తుపాను సూచన యనగా ఆజ్ఞ.

వడగాడ్పుల సూచన యనగా నేమి? హితవు. మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు వరకు బయటికి పోవద్దు, నూలుబట్టలు కట్టుకొనుడు, గొడుగు పట్టుకొనుడు, నీరు, మజ్జిగ, కొబ్బరినీరు తరచుగ త్రాగుడు. ఇందులో తప్పుమాట యొక్కటియు లేదు. కాని ఇది ఎవరికి చెప్పిన మాట? ఇల్లు, ఇంట పంకా, బయటికి పోకపోయినను గడచు జీతము ఉన్నవానికి చెప్పినమాట. వానికి ఈ హితవు చెప్పనక్కరలేదు. వాడు ఇదివరకే తలుపు వేసికొని పడుకొని యున్నాడు. ఆ దినపు కూలి ఆ దినమే తెచ్చి పొయ్యి వెలిగింపవలసినవానికి బయటికి పోవద్దనుట ఉపవాసముండు మనుటయే. కొబ్బరిబొండము వెల ఎంతయో హితవు వ్రాసినవారు ఒకసారి విచారించి వ్రాసిన బాగుండెడిది.

చలివేంద్రములను మేము తక్కువ చేయము. దారిప్రక్క పందిరి వేసి, కుండలక్రింద ఇసుక పోసి తడిపి, బాటసారికి దోసిట నీరు పోయుట ఈ దేశపు పాత ధర్మము. దానికి ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేకపోయినది. ఇప్పుడును వర్తకసంఘములు, యువకసంఘములు ఆ ధర్మమును నిలుపుచున్నవి. (ప్రారంభోత్సవమునాడు మజ్జిగయు, ఛాయాచిత్రములును సమృద్ధిగ నుండి, పదవనాటికి వట్టి కుండలు మిగులు చలివేంద్రములు ఈ లెక్కలోనివి కావు.) కాని దాతల దయ ప్రభుత్వ ధర్మమునకు బదులు కానేరదు. దప్పిక తీర్చుట దాత చేయగలడు. పనివేళలు మార్చుట దాత చేయలేడు.

పనివేళలే ఈ సమస్యకు కీలకము. తెల్లవారి అయిదు గంటలకు మొదలిడి పదింటికో పదునొకండింటికో ఆపి, మరల సాయంకాలము నాలుగు దాటిన పిదప సాగించినచో తారు పోయుట ఆగదు, గోడ కట్టుట ఆగదు. బడిపిల్లలకు మార్చి నడుమనుండియే ఒంటిపూట బడులు నడుపుచున్నాము గదా! పిల్లవాని కున్న దేహమే వాని తండ్రికిని ఉన్నది. చెరువుమట్టి త్రవ్వు ఉపాధి పనులలో, వేసవినెలలందు కొలత తగ్గినను కూలి తగ్గకుండ వేసవి భత్యమను పద్ధతి మన రాష్ట్రములలో కొన్నియేండ్లు నడచినది. ఎండకు నేల గట్టిపడుననియు, మనుష్యుడు మెత్తబడుననియు ఒప్పుకొన్న పద్ధతి అది. పథకములకు పేర్లు మారవచ్చును; ఆ నియమము మాత్రము మారరాదు. గుత్తదారులు చేయించు పనులకును, ఇటుకబట్టీలకును, రాతిక్వారీలకును, ఉప్పుమడులకును అది వర్తింపవలయును.

పని ఆపినచో కూలి ఎవరిత్తురని కొందరడుగవచ్చును. కూలివాడే మొదట అడుగును; వానికా హక్కు కలదు. దీనికి సమాధానము మన సముద్రతీరముననే యున్నది. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరబోట్లతో చేపల వేట నిషేధింపబడుచున్నది. చేపలు గ్రుడ్లు పెట్టుకాలమున వానిని రక్షించుటకై యది. వేట మానిన బెస్తకుటుంబములకు ఆంధ్ర ప్రభుత్వమువారు భృతి యిచ్చుచు వచ్చిరి. 2025లో దానిని కుటుంబమునకు ఇరువదివేల రూపాయలు చేసిరి. చేయవలసిన పనియే చేసిరి. ప్రభుత్వము ఒకనిని పని మానుమన్నయెడల వాని పొయ్యి వెలుగుటకు ప్రభుత్వమే పూచీపడవలయునను న్యాయము దీనివలన స్థిరపడినది. ఈ వేసవి దినములలోనే చేపకొరకు అంగీకరించిన న్యాయమును, ఎర్రగుర్తు పడిన నాలుగైదు దినములకు, మనుష్యునికొరకు అంగీకరింప లేమా? ఏడాది మొత్తమున నట్టి దినములు ఏ మండలమునకైనను కొలదియే. ఖజానా కూలిపోవు లెక్క కాదు.

తెలంగాణ ప్రభుత్వమువారు 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్రవిపత్తుగ ప్రకటించి, మృతుల కుటుంబములకు సాయమును ఏబదివేలనుండి నాలుగులక్షల రూపాయలకు పెంచిరి. దీనిని మేము మనసార శ్లాఘించుచున్నాము. కాని ఆ సొమ్ము అందవలెనన్న వడదెబ్బచేతనే మరణించెనని అధికారులు నిర్ధారింపవలయును. కాల్చుటకో పాతుటకో తొందరపడు ఇంట పంచనామాలు, శవపరీక్షలు ఎంతమంది చేయించుకొందురు? చచ్చిన పిదప నాలుగులక్షలు ఇయ్యగలిగిన ఖజానాకు, బ్రతికియుండగా నాలుగుదినముల కూలి ఇచ్చుట భారమనుట మాకు బోధపడకున్నది.

కేంద్రమువారి తీరు ఇంకను విచిత్రము. విపత్తునిధినుండి వ్యయము చేయుటకు వారంగీకరించిన జాబితాలో తుపాను, వరద, కరవు, భూకంపము, వడగండ్లతోపాటు శీతగాలికి 2012లోనే చోటు దొరకినది. వడగాలికి అప్పుడు దొరకలేదు. 2021 మొదలు 2026 వరకు వర్తించు సిఫారసులు చేసిన పదునైదవ ఆర్థికసంఘమువారు సహితము ఆ జాబితాను పెంచ నవసరము కనబడలేదనిరి. ఢిల్లీలో చలిమంట కాచుకొనుచు వ్రాసిన జాబితా కాబోలు! స్థానిక విపత్తులపేర నిధిలో పదియవవంతు వరకు వాడుకొనుటకు రాష్ట్రములకు వీలుండుట నిజమే. కాని ఏటేట వందలమందిని పొట్టన పెట్టుకొనుదానిని స్థానికమని పిలుచుట ప్రజలను పరిహసించుట. ఈ విషయమున ఆంధ్ర తెలంగాణముల పార్లమెంటు సభ్యులు, పార్టీల భేదము మాని, ఒక్కగొంతుతో పలుకవలయును. నదీజలములకై ఒకరిపై నొకరు పలికిన మాటలలో పదియవపాలు దీనికి వినియోగించినను చాలును.

పొరుగువారినుండి నేర్చుకొనుటకు సిగ్గు పడనక్కరలేదు. 2010 మేనెలలో అహమ్మదాబాదు నగరమున ఎండ 46.8 డిగ్రీలకు చేరి, ఆ నెల మరణములు సాధారణముకంటె 1,344 అధికమైనవి. వారు లెక్క దాచక, కారణము వెదకి, 2013లో నగరమున కొక ఎండల ప్రణాళిక యేర్పరచుకొనిరి. ఏ డిగ్రీకి ఏ యధికారి ఏ పని చేయవలయునో అందు వ్రాసికొనిరి. పిదప మన రాష్ట్రములవారును ప్రణాళికలు వ్రాసిరి. వ్రాతలో లోపము లేదు. సూచన వెలువడిన దినమున ఆ కాగితమును బయటికి తీయు చేయి ఏదో తెలియకుండుటయే లోపము.

ఆ చేయి ఏదో చట్టములో నున్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము కలెక్టరును జిల్లా విపత్తు సంస్థకు అధ్యక్షుని చేసినది. నారింజగుర్తు పడిన సాయంకాలమే, మరునాటినుండి ఆ జిల్లాలో ఏ పనులు ఏ వేళల నాగవలయునో కలెక్టరు పేరున ఉత్తరువు వెలువడవలయును. అది గుత్తదారునికి, బట్టీ యజమానికి, రహదారుల శాఖకు అందవలయును. అందినదో లేదో తహసీలుదారు పోయి చూడవలయును. బట్టీలలోని ఒడిశా కూలీలకు వారి భాషలో చాటింపు వేయింపవలయును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉప్పు పంచదారల పొట్లములు, మంచు, ఒక చల్లని గది సిద్ధముగ నుండవలయును. వడదెబ్బ తగిలినవానికి మొదటి అరగంటలో దేహము చల్లబరచుటయే వైద్యము గనుక, పట్టణమునకు పంపుదమని బండికై వేచియుండుట వానిని చంపుటయే. రేకుల ఇండ్లలోనివారికి రాత్రియైనను వేడి దిగదు కావున ఆ దినములలో రాత్రివేళ విద్యుత్తు నిలుపరాదు. పశువుల తొట్లలో నీరు పంచాయతీవారు నింపింపవలయును.

ఇందేదియు కొత్త శాసనసభను కోరునది కాదు, కొత్త శాస్త్రమును కోరునది కాదు. అశ్వని పోయి భరణి, భరణి పోయి కృత్తిక, ఆ పిదప రోహిణి. ఈ నడుమ నున్న వారములలో హైదరాబాదు, అమరావతుల సచివాలయములనుండి ఈ యుత్తరువులు జిల్లాలకు చేరవలయును. చేరినవో లేవో ఏ జిల్లాకు ఆ జిల్లా మేము అడుగుచుందుము.